తలుపు తీసి ఉందని చెప్పినవాడి మీదే కేసా?

ఈసారి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఒక వెబ్‌సైట్‌లోనో ఆఫీసులోనో భద్రతా లోపం కనిపించింది, చెప్తే ఎవరూ వినడం లేదు, రూలు దాటి అయినా అందరి ముందూ పెట్టేయాలా వద్దా అని. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈ ఐదింటికే చోటిచ్చాను. రాసినవాళ్ల పేర్లు, వాళ్ల కాలేజీల, ఆఫీసుల పేర్లు కావాలనే తీసేశాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం. మా కాలేజీ సైట్‌లో ఫీజు రసీదు తెరిస్తే పైన అడ్రస్ చివర మన రోల్ నంబరు కనిపిస్తుంది. ఓసారి అక్కడ ఒక అంకె తప్పు పడితే వేరే అమ్మాయి రసీదు వచ్చేసింది, లాగిన్ కూడా అడగలేదు. అందులో ఆమె ఫోన్ నంబరు, తండ్రి పేరు, ఆధార్, రీయింబర్స్‌మెంట్ పడే బ్యాంకు ఖాతా అన్నీ ఉన్నాయి. మా సార్‌కి చెప్తే "నీకెందుకురా, సెమ్ చూసుకో" అన్నారు. రెండు నెలలైనా అలాగే ఉంది. మొత్తం రసీదులు డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాలో పెడితే ఒక్కరోజులో బాగుచేస్తారని రూమ్‌లో వాళ్లు అంటున్నారు. మా బాబాయి మాత్రం తలుపు తీసి ఉందని పరాయి ఇంట్లో దూరతావా అని తిట్టాడు. ఎవరి మాట వినాలి?
— ఒక విద్యార్థి, చీపురుపల్లి దగ్గర

జవాబు: తమ్ముడూ, నువ్వు ఇప్పటిదాకా చేసినదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. పిల్లల ఆధార్, బ్యాంకు ఖాతాలు ఎవరికి పడితే వాళ్లకి కనిపించేలా పెట్టింది కాలేజీ. చెప్పినా పట్టించుకోనిది మీ సారు.

మీ బాబాయి మాట సగం ఒప్పుకుంటాను. పరాయి ఇల్లే, కానీ లోపలున్న సామాను ఆ ఇంటాయనది కాదు కదా. నీది, నీ పక్క బెంచీ అమ్మాయిది, అడ్మిషన్ రోజున ఈ కాగితాలన్నీ ఇస్తేనే సీటు అంటే నోరు మూసుకుని ఇచ్చి వచ్చిన తల్లిదండ్రులది. దాచమని ఇచ్చినవాళ్లకి ఆ తలుపుకి గడియ లేదని తెలుసుకునే హక్కు ఉంది, కాబట్టి "నీకెందుకు" అనే మాట ఇక్కడ చెల్లదు. అదే కారణానికి మీ రూమ్‌మేట్ల సలహా కూడా చెల్లదు. మొత్తం డౌన్‌లోడ్ చేస్తే నువ్వు తీసుకునేది కాలేజీ సొత్తు కాదు, ఆ పిల్లలది. కాలేజీ మీద కోపానికి వాళ్లెందుకు బలవ్వాలి?

నువ్వు చూసిన ఆ ఒక్క రసీదు సంగతే తీసుకో. ఇన్‌స్టాలో పెట్టావనుకో, కాలేజీ సాయంత్రానికల్లా ఆ పేజీ మూసేస్తుంది, ఒప్పుకుంటా. ఆ అమ్మాయి నంబరు మాత్రం వెనక్కి రాదు. రాత్రి పదకొండింటికి ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లు మొదలవుతాయి, ఆ ఫోన్ మోగడం ఇంట్లో ఎవరైనా విన్నారంటే "ఎవడే వాడు" అని అడిగేది ఆ పిల్లనే, నంబరు బయటికి ఎలా పోయిందని ఎవరూ అడగరు. ఇంకో ఏడాది చదువు మిగిలుండగానే ఇలాంటిదేదో సాకు దొరికితే సంబంధాలు చూసేసే ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయని నీకు నేను చెప్పక్కర్లేదు. పైగా స్కాలర్‌షిప్ పడిందంటూ ఓటీపీ అడిగే మోసగాళ్లు ఊరూరా తిరుగుతున్నారు. వాళ్ల చేతికి రోల్ నంబరు, తండ్రి పేరు, ఖాతా నంబరు కలిపి అందితే ఆ ఫోన్ ఎంత నమ్మకంగా ఉంటుందో ఆలోచించు, చదువుకున్నవాళ్లే పడిపోతారు.

చట్టం కూడా తెలుసుకో, భయపడటానికి కాదు, ఎక్కడ ఆగాలో తెలియడానికి. ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడాన్నీ, డేటా డౌన్‌లోడ్ చేయడాన్నీ, కాపీ చేయడాన్నీ కలిపే చెప్తుంది, దానికి నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపూరితంగా, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే జైలు మాట వచ్చేసరికి ఉద్దేశం లెక్కలోకి వస్తుంది. మంచి మనసుతో లోపం వెతికి చెప్పినవాళ్లని వదిలేయాలని మాత్రం మన ఐటీ చట్టంలో ఎక్కడా విడిగా రాసి లేదు, ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. నీ ఉద్దేశం మంచిదే, కానీ నీ లాప్‌టాప్‌లో వేలమంది రసీదులు దొరికితే ఆ మంచి ఉద్దేశం కోర్టులో రుజువు చేసుకునేసరికి నీ డిగ్రీ అయిపోతుంది, క్యాంపస్ సెలక్షన్లూ అయిపోతాయి.

మరి ఏం చెయ్యాలంటే, ఇంతకుముందు నువ్వు చెప్పింది నోటిమాట, దానికి సాక్ష్యం లేదు, కాబట్టి ముందు కాగితం పుట్టించు. దానికి కావలసిన రుజువు నీ దగ్గరే ఉంది. నీ రసీదు, నీ స్నేహితుడొకడి రసీదు, అతను సరే అన్నాకే సుమా. లాగిన్ అవ్వకుండా అతని రోల్ నంబరు కొట్టి పేజీ తెరిచి, ఆధార్, ఖాతా, ఫోన్ నంబర్ల మీద నల్లగీత పెట్టి స్క్రీన్‌షాట్ తీసుకో. తేదీ, టైము, పేజీ అడ్రస్ రాసుకో. అంతకుమించి ఒక్కటి కూడా తెరవకు. రెండు రసీదులతో రుజువయ్యేదానికి రెండు వేలు అక్కర్లేదు. ముందు చూసిన ఆ అమ్మాయి రసీదు నీ ఫోన్‌లో ఉంటే ఇవాళే తీసేయ్.

తర్వాత ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్, కాపీ మీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, ఇంకో కాపీ సెర్ట్-ఇన్‌కి. కంప్యూటర్ భద్రత చూడటానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ అది, 2004 నుంచి పనిచేస్తోంది. ఇలాంటి లోపాలు చెప్తే తీసుకుని అవతలివాళ్లతో మాట్లాడటం దాని పనుల్లో ఒకటి, పంపే పద్ధతి వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. మెయిల్‌లో కోపం చూపించకు, ఇన్ని రోజుల్లో బాగుచేయకపోతే విద్యార్థులకి తెలియజేస్తానని మాత్రం మర్యాదగా రాయి. గూగుల్‌లో లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందం కంపెనీలకి 90 రోజుల గడువిస్తుంది, ఆ తర్వాత బయటపెడుతుంది. నీ కాలేజీది అంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కాదు, ఆ పేజీకి లాగిన్ పెట్టడం ఒక పూట పని, నెల రోజులు చాలు.

అప్పటికీ కదలకపోతే అందరికీ చెప్పు, నేను కూడా చెప్పమనే అంటాను. "మన రసీదుల పేజీకి రక్షణ లేదు, ఫలానా తేదీన రాశాను, ఇవాళ్టికీ జవాబు లేదు" అని నీ ఉత్తరం కాపీ నోటీసు బోర్డు పక్కన అంటించు, తల్లిదండ్రులకి చెప్పు, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఏ అంకె మారిస్తే ఏం వస్తుందో మాత్రం రాయకు.

ప్రశ్న: రిటైర్డ్ ఉద్యోగిని. మన తెలుగువాడు వేమూరు హరిప్రసాద్ ఓటింగ్ యంత్రం సంపాదించి దాన్ని ఎలా మార్చొచ్చో చూపించి జైలుకి వెళ్లారు. ఆ తర్వాతే కదా వీవీప్యాట్ చీటీలు వచ్చాయి. రూలు దాటకపోతే ఆ పని జరిగేదా? మీలాంటివాళ్లు "అర్జీ పెట్టు, ఆగు" అంటూ కూర్చుంటే ఏ లోపమైనా బయటికి వస్తుందా?
— శ్రీకాకుళం

జవాబు: అయ్యా, మీ కోపంలో న్యాయం ఉంది. ఆయన విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షమే.

జరిగింది తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హైదరాబాద్‌కి చెందిన సాంకేతిక నిపుణుడు హరిప్రసాద్, అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ నుంచి అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నుంచి రాప్ గోన్‌గ్రైప్ కలిసి 2010లో ఒక అసలు ఈవీఎంని విప్పి పరీక్షించారు. ఫలితం చూపించే చిన్న తెర వెనక అచ్చం అలాంటిదే వేరే బోర్డు పెడితే, బయట నుంచి ఫోన్‌తో సంకేతం ఇచ్చి తప్పుడు అంకెలు చూపించవచ్చని వీడియో తీసి పెట్టారు. యంత్రాన్ని చేతికిచ్చినవారి పేరు చెప్పమంటే హరిప్రసాద్ చెప్పలేదు. ఆగస్టులో ఆయన్ని హైదరాబాద్ ఇంట్లో అరెస్టు చేసి ముంబయి తీసుకెళ్లారు, యంత్రం దొంగతనం కేసు. బెయిలిచ్చిన మేజిస్ట్రేట్, అది దొంగసొత్తే అనుకున్నా ఆయనకి దురుద్దేశం ఉన్నట్టు కనిపించడం లేదని అన్నారు. యంత్రాలకి సీళ్లు, కాపలా, ఏజెంట్ల సంతకాలు ఉంటాయి కాబట్టి బయట చేసి చూపించినది ఎన్నికల్లో సాధ్యం కాదనేది ఎన్నికల సంఘం వాదన, అదీ వినాల్సిందే. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీలు వీళ్ల వల్లే వచ్చాయని కూడా అనలేం, ఎన్నో ఏళ్లు ఎంతోమంది అడిగారు. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు దశలవారీగా పెట్టమంది, 2019 లోక్‌సభ ఎన్నికలకి అన్ని పోలింగ్ కేంద్రాల్లోనూ వచ్చాయి. ఇవాళ మనం నొక్కిన గుర్తు ఏడు సెకన్లు అద్దంలో కనిపిస్తోందంటే ఆ గట్టిగా అడిగినవాళ్లలో ఈయనా ఒకరు.

నేను ఆయన పక్షం ఎందుకంటే, ఆయన రూలు దాటడం వల్ల ఏ ఊళ్లోనూ ఏ ఓటరు ఓటూ ప్రమాదంలో పడలేదు. ఎన్నిక జరగని సమయంలో, ఎవరి ఓట్లూ లెక్కపెట్టబోని ఒక్క యంత్రం మీద చేశారు, మొహం దాచుకోలేదు, వచ్చిన కష్టం తానే భరించారు. యంత్రం చేతికిచ్చిన మనిషిని కూడా కాపాడారు.

ఇంకో ఉదాహరణ పక్కన పెడితే తేడా తెలుస్తుంది. 2003లో అమెరికాలో నథానియెల్ హీట్‌వోల్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి, విమానాశ్రయాల్లో తనిఖీ ఎంత డొల్లగా ఉందో నిరూపిస్తానని అట్టపెట్టెలు కోసే కత్తులు, అగ్గిపెట్టెలు, బ్లీచ్, పేలుడు పదార్థంలా కనిపించే బంకమట్టి పట్టుకెళ్లి విమానాల బాత్‌రూముల్లో దాచాడు. దాచిన సంగతి, తన పేరుతో సహా, భద్రతా సంస్థకి మెయిల్ కూడా పెట్టాడు. వాళ్లు ఆ మెయిల్‌ని పట్టించుకోలేదు, వారాల తర్వాత సామాను దొరికాకే కదిలారు. అది వాళ్ల సిగ్గుచేటు, అందులో అనుమానం లేదు. కానీ ఆ వారాలన్నీ ఆ విమానాలు జనంతో ఎగురుతూనే ఉన్నాయి. వెనక బాత్‌రూమ్‌లో కత్తి ఉందని ఆ ప్రయాణికుల్లో ఒక్కరికీ తెలియదు. అతని ప్రయోగానికి ప్రమాదం పంచుకున్నది వాళ్లు, వాళ్లనెవరూ అడగలేదు. అతను చివరికి చిన్న నేరం ఒప్పుకుని ప్రొబేషన్, సమాజసేవ శిక్షతో బయటపడ్డాడు, ఆ శిక్ష సబబేనని నాకనిపిస్తుంది.

ఇద్దరూ రూలు దాటినవాళ్లే, ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. ఉద్దేశం ఒక్కటే చూస్తే తేడా దొరకదు. ఏదైనా తప్పు జరిగితే నష్టం ఎవరి మీద పడుతుంది అని చూడాలి, నా లెక్కంతా అక్కడే. తన మీదే పడేట్టు చేసుకున్నవాడిని జైల్లో పెడితే నేను రోడ్డు మీదికి రావడానికి సిద్ధం, ఊళ్లోవాళ్ల మీద పడేట్టు చేసినవాడిని ఎంత తెలివైనవాడైనా వెనకేసుకు రాలేను.

ప్రశ్న: మా నాన్న పొలం రిజిస్ట్రేషన్ కాగితం మీద వేలిముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటి ముద్ర నుంచి రబ్బరు వేలు ఎలా తయారు చేస్తారో ఒకాయన వీడియోలో మొత్తం చేసి చూపించాడు. జనాన్ని మేల్కొలుపుతున్నానంటాడు. మా నాన్నకి ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే ఖాతా ఉంది. నాకు ఒకటే టెన్షన్.
— బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి ఆ పేర్ల మీద సిమ్‌లు తీసి దొరికిపోయాడు. కాబట్టి లోపం నిజం. బయటికి చెప్పాల్సిందే.

కానీ ఆ వీడియో చేసినాయన మీద నాకు చాలా కోపంగా ఉంది. దొంగలకి ముందే తెలుసులే అని వాదిస్తారు. కొంతమంది దొంగలకి తెలుసు, నిజమే, ఆ వీడియో చూసినవాళ్లందరికీ తెలియదుగా. పాస్‌వర్డ్ పోతే సాయంత్రానికి మార్చుకుంటాం. నాగలి పట్టీ పట్టీ గీతలు అరిగిపోయిన వేలిని మీ నాన్నగారు ఎక్కడికెళ్లి మార్చుకొస్తారు? మార్చుకోలేని వస్తువు విషయంలో లోపం ఉందని చెప్పాలి, కాపాడుకునే దారి చూపించాలి, తయారీ విధానం కాదు. ఆ వీడియోలో బయోమెట్రిక్ లాక్, అంటే ఆధార్‌లో మన వేలిముద్ర పనిచేయకుండా తాళం వేసుకోవడం, దాని గురించి ఒక్క నిమిషమైనా చెప్పి ఉంటే నేను ఇంత మాట అనేదాన్ని కాదు.

అది నేను చెప్తాను. ఆధార్ యాప్‌లోగానీ ఆధార్ వెబ్‌సైట్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ చేయొచ్చు, ఆధార్‌కి ఫోన్ నంబరు కలిపి ఉండాలి అంతే. లాక్ చేశాక వేలిముద్రతో డబ్బు తీయడం కుదరదు. రేషన్, పింఛను లాంటివాటికి వేలిముద్ర వేయాల్సిన రోజున కాసేపు తెరిచి మళ్లీ మూసేయాలి, ఇది ముందే ఆయనకి చెప్పి పెట్టండి, లేకపోతే క్యూలో నిలబడి తిరిగొచ్చేస్తారు. ఎప్పుడైనా డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి. తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కానప్పుడు అలా చెప్పినవాళ్ల మీద నష్టం వేయకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. కొంతమంది మేనేజర్లు వినకుండా తిప్పుతారు, ఫిర్యాదు నంబరు తీసుకోకుండా కదలకండి.

ప్రశ్న: ఒక ఆస్పత్రిలో డేటా ఎంట్రీ చేస్తున్నాను. అందరికీ ఒకటే లాగిన్, పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించి ఉంటుంది, వరండాలో నిలబడితే కనిపిస్తుంది. డయాలసిస్ రోగుల రిపోర్టులన్నీ అందులోనే. ఫొటో తీసి పేపర్‌కి పంపేయనా? తెలిస్తే ఉద్యోగం పోతుంది.
— పలాస వైపు

జవాబు: మానిటర్ మీది చీటీని ఫొటో తీసి పంపకండమ్మా. పేపర్‌లో పాస్‌వర్డ్ కనిపించినా ప్రమాదమే, కనిపించకుండా వేసినా ఆ టేబుల్ దగ్గర కూర్చునేది ఎవరో మీ ఆస్పత్రివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట ఇంటి గడప దాటితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఫలానా ఇంట్లో క్రియాటినైన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) ఎక్కువుందట అన్న ఒక్క మాటకి కుదిరిన సంబంధాలు వెనక్కి పోతాయి. ఆ రిపోర్టులకి అంత బరువుంది, వాటిని కాపాడాలన్న మీ తపనకి అందుకే దణ్ణం పెడుతున్నాను.

పేరు లేకుండా ఉత్తరం రాయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి, జిల్లా వైద్యారోగ్యశాఖ అధికారికి. ఏ గది, ఎంతమందికి ఒకే లాగిన్, చీటీ ఎక్కడ నుంచి కనిపిస్తుంది, ఇంత వరకే. ఒక్క రోగి పేరు కూడా వద్దు, ఉదాహరణకి అని కూడా వద్దు. అప్పటికీ చీటీ అక్కడే ఉంటే విలేకరికి చెప్పండి, తను వచ్చి వరండాలో నిలబడి తన కళ్లతో చూసుకుంటే మీ పేరు రావాల్సిన అవసరమే ఉండదు. ఈలోగా ఎవరూ చూడనప్పుడు ఆ చీటీ పీకేసి డ్రాయర్‌లో పెట్టండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: ఒక సంస్థలో సూపరింటెండెంట్‌ని. మా వెబ్‌సైట్‌లో దరఖాస్తుదారుల కాగితాలు ఎవరైనా చూడగలుగుతున్నారని ఓ కుర్రాడు మెయిల్ పెట్టాడు. చివర్లో, వీలైతే మీ సంస్థ తరఫున ఒక ప్రశంసాపత్రం ఇవ్వగలరా అని అడిగాడు. ఇది బ్లాక్‌మెయిల్, కేసు పెట్టండి అని మా పై అధికారి పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు.
— విజయనగరం

జవాబు: మీ మనసు చెప్పిందే నిజం సార్. ఇవ్వకపోతే బయటపెడతా అంటే బ్లాక్‌మెయిల్. వీలైతే ఇవ్వండి అనడం విన్నపం. అమెరికా న్యాయశాఖ 2022 మేలో, మంచి ఉద్దేశంతో భద్రతా పరిశోధన చేసేవాళ్ల మీద హ్యాకింగ్ కేసు పెట్టొద్దని తమ ప్రాసిక్యూటర్లకి చెప్పినప్పుడు, లోపం అడ్డం పెట్టుకుని డబ్బు గుంజేవాళ్లకి ఇది వర్తించదని కూడా అక్కడే చెప్పింది. మన దగ్గర అలాంటి మాట చట్టంలో లేదు కాబట్టి ఆ పని మీలాంటి అధికారులు చేయాలి. ఆ కుర్రాడు రేపు పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంటాడా, లేక ఇంట్లో ప్రశంసాపత్రం చూపించుకుంటాడా అనేది నిజంగా మీ ఫైలు మీదే ఉంది.

మీ పై అధికారికి రెండు సంగతులు చెప్పి చూడండి. 1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు, ఎవరూ తీయలేరని పేరుపడ్డ బ్రామా కంపెనీ తాళం తీసి చూపించాడు. 16 రోజుల మీద 51 గంటలు పట్టింది. దొంగతనంగా కాదు, తీసినవారికి 200 గినీలు (అప్పటి బ్రిటన్ డబ్బు) ఇస్తామని ఆ కంపెనీయే కిటికీలో బోర్డు పెట్టి దశాబ్దాలుగా సవాలు చేస్తోంది, నసిగినా డబ్బిచ్చింది. ఇలా బాహాటంగా చూపిస్తే దొంగలకి నేర్పినట్టవదా అని అప్పుడూ గొడవపడ్డారు. దొంగలకి మనకంటే ముందే తెలుసు, తెలియనిది తాళం కొన్నవాళ్లకే అని అప్పుడే సమాధానం కూడా చెప్పారు. ఇవాళ పెద్ద కంపెనీలు లోపం చెప్పినవాళ్లకి బహుమతి ఇస్తున్నది అందుకే.

రెండోది మన దగ్గరే. 2018 జనవరిలో 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు చూసే లాగిన్ అమ్ముతున్నారని ట్రిబ్యూన్ పత్రిక విలేకరి తానే కొని చూపించి రాశారు. ఆధార్ సంస్థ ఫిర్యాదుతో పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లో ఆ విలేకరి పేరు కూడా చేర్చారు. పత్రికా సంపాదకుల సంఘం ఎడిటర్స్ గిల్డ్ ఖండించింది, దేశమంతా గొడవైంది, చివరికి జనానికి గుర్తున్నది లాగిన్ అమ్మినవాళ్లు కాదు, చెప్పిన మనిషి మీద కేసు పెట్టారన్న మాటే. మీ సంస్థకి ఆ పేరు కావాలా? మీరు కేసు పెట్టిన వార్త చదివిన ఇంకో పదిమంది కుర్రాళ్లకి రేపు మీ సైట్‌లో ఏదైనా కనిపిస్తే మెయిల్ పెట్టరు. కొందరు నోరు మూసుకుంటారు, ఒకడు అమ్ముకుంటాడు.

కావాలంటే డబ్బు లెక్కా చెప్పండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, సరైన భద్రత పెట్టనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఆ కుర్రాడు ఇప్పుడు చెప్పింది మీకు మేలే.

ఒకటి మాత్రం అతన్ని అడగండి, నిలదీసినట్టు కాకుండా. ఎన్ని దరఖాస్తులు తెరిచాడు, ఏవైనా దాచుకున్నాడా అని. ఉంటే తీసేసి, తీసేశానని మెయిల్‌లో రాసివ్వమనండి. అతనికీ అది రక్షణే. అతను ఒక్కడే చూశాడనుకోకుండా, సర్వర్ రికార్డుల్లో ఇంకెవరు అవే పేజీలు తెరిచారో సైట్ చేసిన కాంట్రాక్టరు చేత తీయించండి. ఈ లెక్క తేలాక ఎవరి కాగితాలు బయటికి పోయాయో ఆ దరఖాస్తుదారులకి ఉత్తరం వెళ్లాలి, మెసేజ్ అయినా సరే, తెలుగులో. వాళ్లలో చాలామందికి అసలు తమ కాగితాలు కంప్యూటర్‌లో ఉన్నాయనే తెలిసి ఉండదు.

కుర్రాడికి జవాబు మాత్రం ఇవాళే పెట్టండి. అందింది, చూస్తున్నాం, ఫలానా తేదీకల్లా బాగవుతుంది, ఈలోగా ఏదైనా ఉంటే ఈ నంబరుకి చేయి అని మీ పేరు, హోదా రాసి సంతకం చేయండి. పత్రం సంగతి ఆ పేజీ మూతపడిన రోజున మీ పై అధికారితోనే ఇప్పించండి.